ఉట్నూరుకు మూడు రోజులు: జలపాతాలను చివరి రోజుకు పెట్టుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండ నుంచి సొంత కారులో ఐదుగురు: మీరు, మీ ఆవిడ, పదమూడేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మీ నాన్నగారు. నవంబరులో మూడు రోజుల సెలవు. అరకు దూరమైంది, ఊటీ ఖర్చు ఎక్కువైంది, కాబట్టి మన దగ్గరే కొండల్లో ఒక చిన్న ఊరు కావాలి. పిల్లలు కాస్త అడవిలో నడవాలి, జలపాతం చూడాలి, ఎప్పుడూ చూసే కోటలు, గుళ్ళు కాకుండా వేరే చరిత్ర ఏదైనా వాళ్ళ చెవిన పడాలి. ఒకరు ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు వెళ్ళమన్నారు, ఇంకొకరు "అక్కడ అడవి తప్ప ఏముంది" అన్నారు. వెళ్ళాలా వద్దా అని అడిగారు. చివర్లో స్వెటర్లు కావాలా అని కూడా.

వెళ్ళండి. నేను ఉట్నూరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల్లో పందొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక మీ ఊళ్ళోనే ఉంటున్నా, అయినా ఏడాదికి ఒక్కసారైనా పోయి రాకపోతే మనసు ఊరుకోదు. కాబట్టి నా మాటల్లో కొంత ఆ ఊరి మీద మమకారం కలిసి ఉంటుంది, ముందే చెప్తున్నా.

అరకును మనసులో పెట్టుకుని మాత్రం వెళ్ళకండి. కాఫీ తోటలు, వ్యూపాయింట్ దగ్గర మొక్కజొన్న పొత్తులు, బొంగు చికెన్ బోర్డులు, అవేవీ ఇక్కడ ఉండవు. కొండలు కూడా అంత ఎత్తైనవి కావు. ఒక కొండ వెనక ఇంకో కొండ, మధ్యలో టేకు అడవి, అడవి విడిచిన చోట నల్లరేగడిలో పత్తి, జొన్న, కంది చేలు. ఉట్నూరు ఊరంటే ఒక బస్టాండు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులుండే కేబీ కాంప్లెక్సు, గోండు రాజుల పాత కోట, నాలుగు వీధుల బజారు. అంతే. కానీ బస్టాండు ముందు టీ హోటల్లో పది నిమిషాలు కూర్చుంటే గోండీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు ఐదూ వినిపిస్తాయి. మీ పాపను కూర్చోబెట్టి ఎన్ని భాషలు వినపడ్డాయో లెక్కపెట్టమనండి.

"ఇంత అందమైన చోట మంచి రిసార్టు ఒక్కటీ లేదేంటి సార్" అని నన్ను చాలామంది అడిగారు. దానికి కారణముంది, ఆ కారణమే అక్కడి చరిత్ర. ఏజెన్సీ ప్రాంతంలో ఆదివాసీల భూమిని బయటివాళ్ళు కొనడానికి చట్టం ఒప్పుకోదు. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ అది, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. చట్టం ఉన్నా భూములు చేతులు మారాయి, ఆ పంచాయితీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అయినా కొండ కొనుక్కుని స్విమ్మింగ్ పూల్ కట్టేంత వీలు మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆ చట్టం వెనకా ముందూ నడిచిన కథంతా మీరు తిరగబోయే రోడ్డు మీదే ఊరూరా కనిపిస్తుంది: 1940 జోడేఘాట్‌లో, తర్వాతి నాలుగైదేళ్ళు మార్లవాయిలో, 1981 ఇంద్రవెల్లిలో. అందరూ ముందు కుంటాల జలపాతం చూసి, తడిసి, అలసిపోయి, టైం మిగిలితే ఇవి చూద్దాం అనుకుంటారు. టైం ఎప్పుడూ మిగలదు. అందుకే మిమ్మల్ని తిరగేసి చూడమంటున్నా.

మొదటి రోజు ప్రయాణానికే పోతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరి కరీంనగర్, జగిత్యాల మీదుగా ధర్మపురి చేరండి. నరసింహస్వామి దర్శనమైతే నాన్నగారికి తృప్తి, మోకాళ్ళకు కాస్త విరామం. తర్వాత రాయపట్నం బ్రిడ్జి మీద గోదావరి దాటి జన్నారం. ఆ గోదావరిని పిల్లలకు సరిగ్గా చూపించండి, మూడో రోజు కేస్లాపూర్‌లో దాని సంగతి మళ్ళీ వస్తుంది. ఆగకుండా పోతే హన్మకొండ నుంచి ఉట్నూరుకు ఐదు గంటలు పడుతుంది, మీరు ఆగుతారు కాబట్టి ఏడు అనుకోండి.

మొదటి రాత్రి జన్నారంలోనే ఉండమంటాను. టూరిజం వాళ్ళ హరిత రిసార్టు ఉంది, ముందే బుక్ చేసుకోండి. ఫారెస్టు వాళ్ళ సఫారీ కూడా అక్కడి నుంచే. జన్నారం, ఉట్నూరు మధ్యదంతా కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యం చేశారు, 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు. పులిని చూపిస్తానని మాత్రం పిల్లలకు మాటివ్వకండి. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు వస్తుంటాయి, పోతుంటాయి. పందొమ్మిదేళ్ళలో నేను చూసింది రెండుసార్లు వాగు ఇసుకలో అడుగుజాడ, అంతే. చుక్కల దుప్పులు, నెమళ్ళు, మనుబోతులు కనపడే అవకాశం ఎక్కువ. చీకటి పడ్డాక ఆ రోడ్డు పట్టకండి. చెక్‌పోస్టుల దగ్గర రాత్రిపూట ఆంక్షలు ఉండొచ్చు. అవి లేకపోయినా దుప్పి అడ్డం వస్తే బ్రేకు కొట్టే టైం ఉండదు.

ట్రెక్కింగ్ అన్నారు. గుర్తులు పెట్టిన దారులంటూ ఏమీ లేవు. రిజర్వు లోపలికి ఫారెస్టు వాళ్ళ అనుమతి లేకుండా కాలు పెట్టకూడదు. పిల్లలతో నడవాలంటే ఏదైనా గూడెంలో కారు ఆపి, ఊరి పటేల్‌ను అడిగి, ఒక కుర్రాణ్ణి వెంట తీసుకుని చేల గట్ల మీదుగా వాగు దాకా పోయి రండి. గంట నడకే, కానీ ఆ కుర్రాడు ఏ ఆకు దేనికి పనికొస్తుందో చెప్పుకుంటూ పోతాడు. పోయొచ్చాక వాడి చేతిలో కూలి డబ్బులు పెట్టండి, చాక్లెట్ కాదు.

రెండో రోజు పెందలాడే లేవాలి. నేనైతే ఈ ఒక్క రోజు కోసమే మిగతా రెండు రోజులూ ప్రయాణం చేస్తాను. ఉట్నూరు, జైనూరు దాటాక కెరమెరి ఘాట్ వస్తుంది. నవంబరులో ఎనిమిదింటి దాకా మంచు కమ్ముకుని ఉంటుంది. లోయ కనపడదు, తెల్లటి మంచులోంచి టేకు చెట్ల తలలు మాత్రం కనిపిస్తాయి. మలుపులు గట్టివి, హారన్ కొడుతూ మెల్లగా దిగండి. ఫొటోల కోసం మలుపులో ఆపకండి, వెనక నుంచి పత్తి లారీ వస్తుంది.

కెరమెరి మండలంలోనే హట్టి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి కొండల్లోకి ఎక్కితే జోడేఘాట్. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆ దారిలో సైకిలు భుజాన వేసుకుని వాగులు దాటాం. ఇప్పుడు కారు నేరుగా పోతుంది. పశువుల మేతకు పన్ను, పొయ్యిలోకి తెచ్చుకున్న పుల్లలకు పన్ను, నరుక్కుని దున్నుకున్న భూమి అడవి శాఖదంటూ కేసులు. వీటి మీద కుమ్రం భీం పన్నెండు గూడేల గోండులను, కోలాములను కూడగట్టి నిజాం సర్కారుకు ఎదురు నిలిచాడు. 1940లో ఇక్కడి కొండల మీదే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట మీ బాబు పాఠంలో చదివే ఉంటాడు. భీం చనిపోయిన రోజును ఆదివాసీలు క్యాలెండరు తేదీతో గుర్తుపెట్టుకోరు, ఆశ్వయుజ పౌర్ణమితో గుర్తుపెట్టుకుంటారు. వర్ధంతి ఆ రోజునే చేస్తారు.

అక్కడ భీం విగ్రహం, స్మారకం, 2016లో తెరిచిన గిరిజన మ్యూజియం ఉన్నాయి. మ్యూజియం చిన్నదే. తాళం వేసి ఉంటే కంగారు పడకండి, ఊళ్ళో అడిగితే తాళం ఉన్న మనిషి వస్తాడు. లోపల వాయిద్యాలు, నగలు, వ్యవసాయ పనిముట్లు, గోండు జీవితాన్ని చూపించే బొమ్మలు. అవి చూశాక బయటికొచ్చి చుట్టూ ఉన్న కొండల్ని బాబుకు చూపించండి. తుపాకులతో వచ్చినవాళ్ళు ఎటు నుంచి ఎక్కి ఉంటారు, పైన ఉన్నవాళ్ళకు ఏం కనపడి ఉంటుంది అని వాణ్ణే అడగండి. నేను మా పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోయినప్పుడు ఇదే ప్రశ్న వేసేవాణ్ణి. ఎనిమిదో తరగతి గోండు పిల్లవాడొకడు "సార్, వాన కాలం కదా, గడ్డి మనిషంత ఉంటది, ఏం కనపడదు" అన్నాడు. నాకు ఆ జవాబు తట్టనే లేదు.

తిరిగొచ్చేటప్పుడు జైనూరు మండలంలో రెండు ఊళ్ళు ఆగాలి. మొదటిది ఉషేగాం. ఓజాలు ఇత్తడి పోత పోసే ఊరు. ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో ఈ పనికి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతానికే చెందిన పని అన్న గుర్తింపు వచ్చింది. షాపులాంటిది ఏదీ ఉండదు, ఇంటి ముందు అరుగే కార్ఖానా. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. దాని మీద తేనెమైనాన్ని దారంలా సాగదీసి చుడతారు. నేను చూసిన రోజు ఒక పెద్దాయన మైనం దారాన్ని బొటనవేలి కింద దొర్లిస్తూ, తల ఎత్తకుండా మాట్లాడుతూనే, నెమలి మెడ మీద వరుసలు పేర్చేశాడు. మొత్తం మీద మళ్ళీ మట్టి పూసి, ఒక చిన్న రంధ్రం వదిలి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది, అది ఖాళీ చేసిన చోట కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితేనే బొమ్మ. అచ్చు మిగలదు కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవు. మీ పాపకు ఇది ట్రిప్పంతటిలో బాగా గుర్తుండిపోతుందని నా నమ్మకం. బేరం ఆడకండి. మైనం దగ్గర నుంచి మట్టి పగలగొట్టేదాకా ఎన్ని రోజులు పట్టిందో అడిగి, తర్వాత ధర అడగండి.

రెండోది మార్లవాయి. నాకు చాలా ఇష్టమైన ఊరు, కాస్త ఎక్కువ చెప్తాను, భరించండి.

జోడేఘాట్ కాల్పుల తర్వాత గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది. అప్పుడు హైదరాబాద్ సంస్థానంలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అని ఒక ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త ఉన్నాడు. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశం మనిషయ్యాడు. సంస్థానం దాటి పోలేని ఆ మనిషిని సర్కారు గోండుల దగ్గరికి పంపింది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకుని ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు. తిరుగుబాటుకు కారణం భూమే అని రాసిచ్చాడు. ఆయన సలహాల మీద వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలోనే గోండు టీచర్లకు ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. మాలాంటి ఆశ్రమ పాఠశాల మాస్టర్ల ఉద్యోగాలకు మూలం ఆ గూడెమే. నాకు ఆ సంగతి ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు గానీ తెలియలేదు, సిగ్గుచేటు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే తీసుకొచ్చి మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు, తర్వాత ఆయన అస్థికలు కూడా ఆమె పక్కకే చేర్చారు. ఇద్దరి విగ్రహాలు ఉన్నాయి. ఏటా జనవరి 11న ఊరంతా వచ్చి పూలు పెడతారు. గోండుల గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిది కూడా ఇదే ఊరు. ఆయన 2024లో కన్నుమూశారు.

గూడెంలోకి పోయినప్పుడు చేతులు జోడించి "రాం రాం" అనండి. అక్కడి పలకరింపు అదే. ఇంటి గడప దగ్గర చెప్పులు వదలండి. మీకు ముందు నీళ్ళిస్తారు, బాటిల్ ఉంది వద్దు అనకండి. భోజనానికి హోటళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు, జైనూరులో ఏదో దొరుకుతుంది. పొద్దున పోతూ ఏదైనా ఇంట్లో చెప్పి, డబ్బులిచ్చి పెడితే మధ్యాహ్నానికి జొన్న రొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు చేసి పెడతారు. రొట్టె అరచేతుల మధ్య తట్టే చప్పుడు వీధిలోకి వినపడుతుంది. పాపకు తొక్కు పెట్టకండి, నాకే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

మీ సెలవు దీపావళి ముందు రోజుల్లో పడితే మీ అదృష్టం, గోండుల దండారీ పండుగ జరుగుతూ ఉంటుంది. నెమలీకల టోపీ, ఒళ్ళంతా బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్రతో గుస్సాడీలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అతిథులుగా పోతారు. అది దీక్ష, డాన్స్ ప్రోగ్రాం కాదు. వాళ్ళను ముట్టుకోకూడదు, పక్కన నిలబడి సెల్ఫీ అంటూ మీద పడకూడదు. దూరంగా నిలబడి చూస్తే వాళ్ళే నవ్వించి పోతారు.

ఆ రాత్రి ఉట్నూరు లాడ్జిలో పడుకోండి. గది శుభ్రంగా ఉందో లేదో చూసుకుని దిగండి, ఇంతకంటే ఏం చెప్పలేను.

మూడో రోజు ఇంద్రవెల్లి మీదుగా ఇంటి దారి. రోడ్డు పక్కనే ఎర్ర స్తూపం కనిపిస్తుంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. భూముల సమస్య మీద రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది, పోలీసులు నిషేధం విధించారు. అంగడికి వచ్చినవాళ్ళు, సభకు వచ్చినవాళ్ళు కలిసిపోయిన గుంపు మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది, ఊళ్ళలో చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. చాలా ఏళ్ళు ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి ఎవరినీ పోనిచ్చేవాళ్ళు కాదు. మా స్కూల్లో వంట చేసే అవ్వ ఆ రోజు ఉప్పు కొనడానికి పోయి, ఉప్పు లేకుండా తిరిగొచ్చింది. అంతకుమించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎనిమిదేళ్ళ పాపకు ఎంత చెప్పాలో మీరు చూసుకోండి. బాబుకు మాత్రం చెప్పండి, ముందు రోజు జోడేఘాట్ చూసి ఉంటాడు కాబట్టి అర్థమవుతుంది.

దగ్గర్లోనే ముత్నూరు దగ్గర లోపలికి తిరిగితే కేస్లాపూర్, నాగోబా గుడి. మెస్రం వంశం వాళ్ళ దైవం. పుష్య అమావాస్యకు జాతర, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో. దానికి ముందు మెస్రం వాళ్ళు ఇక్కడి నుంచి జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా కాలినడకన పోయి, గోదావరి నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. మొదటి రోజు మీరు కారులో దాటిన గోదావరి అదే. జాతరలో జరిగే ప్రజాదర్బారు కూడా హైమన్‌డార్ఫ్ కాలంలోనే మొదలైంది. కొండల్లో ఉన్నవాళ్ళ గోడు అధికారులే వచ్చి వినాలన్నది దాని ఉద్దేశం. ఇప్పుడున్న రాతి గుడిని వంశం వాళ్ళు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నారు, 2022 డిసెంబరులో ప్రారంభించారు. నవంబరులో పోతే జనం ఉండరు, మర్రిచెట్ల కింద ప్రశాంతంగా కూర్చోవచ్చు.

ఇక జలపాతం. గుడిహత్నూర్ దగ్గర హైవే ఎక్కి నేరడిగొండ దాకా వస్తే అక్కడి నుంచి లోపలికి కుంటాల. కడెం వాగు మీద 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, రాష్ట్రంలో ఎత్తైనదిగా చెప్తారు. నీళ్ళు జోరుగా ఉండేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. నవంబరులో పలచబడినా చూడటానికి బాగుంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. దాదాపు నాలుగు వందల మెట్లు దిగాలి, అవే మళ్ళీ ఎక్కాలి. నాన్నగారిని దింపకండి. ఆయనకు బోథ్ వైపు పొచ్చెర నయం, అంత దిగనక్కర్లేదు. మీకు టైం ఒక్కదానికే ఉంటే నేను పొచ్చెరకే ఓటేస్తాను.

కుంటాల గుండంలో దిగడం మాత్రం వద్దు. చాలామంది ప్రాణాలు పోయాయి. మా బామ్మర్ది ఈత బాగా వచ్చినవాడే. నీళ్ళలోకి కూడా దిగలేదు, అంచున పాకుడు రాయి మీద నిలబడి ఫొటో దిగబోయి జారాడు. మణికట్టు విరిగింది, మడమ మెలిపడింది. ఇద్దరు గోండు కుర్రాళ్ళు వంతులవారీగా వీపున వేసుకుని ఆ మెట్లన్నీ ఎక్కించారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు, "మీ చెప్పులు మంచివి కావు" అని మాత్రం అన్నారు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి.

అక్కడి నుంచి నిర్మల్ గంట లోపే. పొనికి కర్ర బొమ్మలు కొనుక్కుని, ఆర్మూరు, జగిత్యాల మీదుగా రాత్రికి ఇల్లు చేరతారు. బాగా ఆలస్యమైతే నిర్మల్‌లో ఆగిపోండి, అర్ధరాత్రి డ్రైవింగ్ ఎందుకు.

డబ్బు నోట్ల రూపంలో ఉంచుకోండి. జైనూరు దాటితే సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది, ఫోన్‌పే చక్రం తిరుగుతూ ఉంటుంది. పెట్రోలు ఉట్నూరులోనే నింపుకోండి. నాన్నగారి బీపీ మాత్రలు రెండు రోజులవి ఎక్కువే పెట్టుకోండి. దోమల క్రీము మర్చిపోవద్దు, ఆ ప్రాంతం జ్వరాలకు పాత పేరు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు దొరికితే రెండు డబ్బాలు తీసుకోండి. ఇప్పపువ్వు అంటే సారా అనుకునే మా కాలనీ వాళ్ళు కూడా తిన్నాక అభిప్రాయం మార్చుకున్నారు.

స్వెటర్ల సంగతి. చలికాలంలో టీవీలో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రత అని సిర్పూర్ (యు) పేరు వస్తుంటుంది చూడండి, ఆ 'యు' అంటే ఉట్నూరే. కాగజ్‌నగర్ పక్కన ఇంకో సిర్పూర్ ఉండటంతో అలా రాస్తారు. మీరు పోయే జైనూరు దాని పొరుగు మండలమే. కాబట్టి స్వెటర్లు ఒక్కటే కాదు, పిల్లలకు మంకీ క్యాపులు, నాన్నగారికి మందపాటి శాలువా, మోకాళ్ళకు వేడినీళ్ళ సంచి కూడా పెట్టండి. లాడ్జిలో గీజరు ఉందని చెప్తారు గానీ, నేను దిగిన రోజు కరెంటు లేదు.